చంబల్ నది మీద ఘరియళ్ళ లెక్క

ఫిబ్రవరి 6, మొరేనా

మధ్యప్రదేశ్‌లో చంబల్ నదికి దగ్గర్లో ఉన్న మొరేనాలో బండి దిగగానే ముక్కుకి తగిలేది ఆవనూనె ఘాటు. ఊరి చుట్టూ ఆవ చేలు, ఊళ్ళో నూనె మిల్లులు. పూత రాలి కాయ గట్టిపడే రోజులు కాబట్టి చేలల్లో పసుపు సగం పోయింది. బజారులోకి వెళ్తే ఆ ఘాటు మీద ఇంకో వాసన, వేయించిన నువ్వులు, ఉడుకుతున్న బెల్లం. ఇక్కడి గజక్ అనే నువ్వుల మిఠాయికి 2023లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరిదే అన్న ముద్ర, వచ్చింది. బెల్లం పాకాన్ని గోడకి కొట్టిన మేకుకి తగిలించి లాగుతారు, మళ్ళీ మడిచి తగిలించి లాగుతారు, తెల్లబడేదాకా అదే పని. తర్వాత నువ్వులు కలిపి పరిచి, ముగ్గురు కుర్రాళ్ళు చుట్టూ కూర్చుని చెక్క సుత్తులతో వంతులవారీగా బాదుతారు, ఒకడి సుత్తి లేస్తుంటే ఇంకొకడిది పడుతూ ఉంటుంది, మాట్లాడుకుంటూనే కొడతారు, ఒక్కటీ తప్పదు. మన నువ్వుల ఉండ పంటికి ఎదురు తిరుగుతుంది, ఇది నోట్లో పెట్టగానే పొరలు పొరలుగా విడిపోతుంది. కిలో 340 అన్నాడు. అరకిలో కొన్నా, పడవ ఎక్కేలోపే అయిపోయింది.

నేను సంగారెడ్డిలో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్తాను. మాకు మొసలి అంటే మంజీరలో ఉండే మగ్గర్, వెడల్పు మూతిది. సన్నగా పొడుగ్గా చేపల కోసమే పుట్టిన మూతి ఉన్న ఘరియల్ అనే మొసలిని నేను జూలో తప్ప చూడలేదు. అది మన గోదావరి, కృష్ణల్లో ఉండే జంతువు కాదు. ఇప్పుడు ప్రపంచంలో మిగిలిన ఘరియళ్ళలో ఎక్కువ భాగం ఈ ఒక్క చంబల్‌లోనే ఉన్నాయి. చలికాలంలో నది మీద సర్వే చేసే ఒక చిన్న బృందంలో రాసుకునే మనిషి కావాలన్నారు, కాలేజీకి సెలవు పెట్టి వచ్చేశాను.

రాత్రి భోజనం బస్టాండు దగ్గర ఒక హోటల్లో. సజ్జ రొట్టె, మజ్జిగ వేసి వండిన ఆలుగడ్డ కూర, బెల్లం ముక్క. మనిషికి 90 రూపాయలు. అన్నం ఉందా అని అడిగితే ఒంట్లో బాలేదా అని అడిగాడు.

ఫిబ్రవరి 7, దేవరీ

మొరేనా దాటాక హైవే పక్కనే దేవరీ ఘరియల్ కేంద్రం. వేసవి మొదట్లో నది ఒడ్డున పెట్టిన గుడ్లలో కొన్నిటిని తెచ్చి ఇక్కడ పొదిగిస్తారు. పిల్లలు నాలుగడుగుల పొడుగు వచ్చేదాకా, అంటే సుమారు మూడేళ్ళు, పెంచి చలికాలంలో నదిలో వదులుతారు. తోక మీది పలకల్లో కొన్నిటిని ఒక వరసలో కత్తిరించి గుర్తు పెడతారు, ఎన్నేళ్ళ తర్వాత కనిపించినా ఏ ఏడు వదిలిన జంతువో చెప్పొచ్చు.

సిమెంటు తొట్టెల్లో కిందటి వేసవి పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకున్నాయి. మోచేతి పొడుగు కూడా లేవు. ఒళ్ళంతా బూడిద రంగు చారలు, మూతి మాత్రం అప్పుడే సన్నటి పుల్ల. చూసుకునే ఆయన చిన్న చేపలు బకెట్‌తో పోయగానే తొట్టెలో నీళ్ళు ఉడికినట్టయ్యాయి. ఘరియల్ చేపని వెంటాడదు, మూతిని అడ్డంగా ఊపి పక్క నుంచి కరుచుకుంటుంది, తర్వాత తల ఎత్తి చేపని తలవైపుకి తిప్పుకుని మింగుతుంది. ఒక పిల్ల తిప్పుకోలేక మూడుసార్లు జారవిడిచింది. పక్కది ఎత్తుకుపోయింది.

నేను హైదరాబాద్ వైపు నుంచి వచ్చానంటే ఆయన మొహం మారింది. వాళ్ళ పాత పెద్దసారు ఒకాయన ట్రైనింగ్‌కి అక్కడికే వెళ్ళొచ్చాడట. నిజమే, 1974లో దేశం మొత్తం మీద ఘరియళ్ళు రెండొందల లోపే మిగిలాయని అంచనా వేసి, మరుసటి ఏడు మొసళ్ళ సంరక్షణ ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఆ తర్వాత 1980 ప్రాంతంలో మొసళ్ళ పెంపకం, నిర్వహణ నేర్పే కేంద్ర సంస్థని హైదరాబాద్‌లోనే పెట్టారు. అన్ని రాష్ట్రాల అటవీ అధికారులూ అక్కడికి వచ్చి నేర్చుకున్నారు. ఘరియల్ లేని ఊళ్ళో ఘరియల్ పాఠం! మా పిల్లల్లో ఒక్కరికైనా ఈ సంగతి తెలియదు, చెప్పేదాన్ని నాకే మొన్నమొన్న తెలిసింది.

సాయంత్రం మా టీమ్ లీడర్ పిల్ల (పాతికేళ్ళు ఉంటాయేమో, అందరూ దీదీ అంటారు) లెక్క నియమాలు చెప్పింది. పడవ నీటివాలుకే పోవాలి. ముందు కనిపించినవే రాయాలి, పడవ దాటాక వెనకాల ఒడ్డెక్కినవి రాయకూడదు, లేకపోతే ఒక్కదాన్నే రెండుసార్లు లెక్కేస్తాం. పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా, ఎండ ఉన్నప్పుడే. పిల్ల, పడుచుది, పెద్దది, పెద్ద మగది అని వేరువేరుగా. ఉండే ఉంటుంది అనే మాట పుస్తకంలోకి రాకూడదు. కనిపించాలి, అంతే. పుస్తకంలో ఎడమ పేజీ మొసళ్ళకి. కుడి పేజీ మనుషులకి: పంపులు, వలలు, ట్రాక్టర్ జాడలు, పుచ్చపాదులు, మేత పశువులు, స్నానఘట్టాలు.

ఫిబ్రవరి 8, రాజ్‌ఘాట్

ఆగ్రా-గ్వాలియర్ హైవే చంబల్‌ని దాటే చోటు రాజ్‌ఘాట్. అవతల ధోల్‌పూర్, రాజస్థాన్. ఇవతల మొరేనా, మధ్యప్రదేశ్. ఇంకా కిందికి పోతే అవతలి ఒడ్డు ఉత్తరప్రదేశ్ అయిపోతుంది. 1978-79లో మూడు రాష్ట్రాలూ కలిపి నదిని అభయారణ్యం చేశాయి కాబట్టి కాగితాల మీద ఒకే అడవి, అనుమతులు మాత్రం ఎవరివి వాళ్ళవి.

పొద్దున చలి ఎముకలు కొరికింది. మట్టి కప్పుల్లో చాయ్, అల్లం ఎక్కువ, పది రూపాయలు. పక్కన బండి మీద బెడయి అమ్ముతున్నారు, లోపల పప్పు ముద్ద కూరిన గట్టి పూరీ, మీద మంటెత్తే ఆలుగడ్డ పులుసు, దాని వెనకే జిలేబీ. ముప్పై రూపాయలకి మధ్యాహ్నం దాకా ఆకలి అనే మాట లేదు.

మా పడవ నడిపేది ఒక పెద్దాయన, అందరూ కక్కా అంటారు, ఇంజన్ దగ్గర ఆయన తమ్ముడి కొడుకు. నన్ను మాస్టర్నీజీ అన్నాడు, చివరి రోజు దాకా అదే పేరు. అటవీశాఖ గార్డ్ ఒకాయన చలికి తలకి మఫ్లర్ చుట్టి ముందు కూర్చున్నాడు.

నీళ్ళు చూసి ఆశ్చర్యపోయాను. ఆకుపచ్చగా, తేటగా, మోకాలి లోతులో కాళ్ళ వేళ్ళు కనిపిస్తున్నాయి. ఉత్తరాదిలో ఇంత పెద్ద నది ఇంత శుభ్రంగా ఉండటం అరుదు. కానీ పడవ వంతెన కింద నుంచి కదిలి పది నిమిషాలు కాకముందే కుడి పేజీ మొదలైంది. ఒడ్డు మీద ఇసుక ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి, నంబర్ ప్లేట్లు లేవు, కుర్రాళ్ళు పారలతో నింపుతున్నారు. ఈ నదిలో ఇసుక తవ్వకం నిషేధం. పగలు, హైవేకి కనిపించేంత దగ్గర్లో!

"రాసుకోండి మేడమ్, ఫోన్ మాత్రం పైకెత్తొద్దు" అన్నాడు గార్డ్, వాళ్ళ వైపు చూడకుండానే. ఆయన భయాన్ని తప్పు పట్టలేను. ఈ జిల్లాలోనే, బన్మోర్ దగ్గర, 2012 మార్చిలో అక్రమంగా రాయి తోలుతున్న ట్రాక్టర్‌ని ఆపబోయిన యువ ఐపీఎస్ అధికారి దాని కింద పడి చనిపోయాడు. ఐపీఎస్‌కే ఆ గతి పట్టిన చోట చేతిలో లాఠీ ఒక్కటే ఉన్న మనిషి ఏం చేస్తాడు. దీదీ నోటితో చెప్పింది, నేను రాశాను: ట్రాక్టర్లు, ఎడమ ఒడ్డు ఇన్ని, కుడి ఒడ్డు ఇన్ని.

మొదటి ఘరియల్ పదకొండింటికి. నేను దుంగ అనుకున్నాను, కక్కా ఇంజన్ ఆపమని చెయ్యి ఊపాక తెలిసింది. ఆడది, పదడుగులు ఉంటుందేమో, తడి ఆరి ఒళ్ళు లేత ఆకుపచ్చకి తిరిగింది. మూతి నీళ్ళ వైపే పెట్టుకుని ఉంది. ఘరియల్ కాళ్ళు నేల మీద ఒంటిని ఎత్తలేవు, పొట్ట మీద జారడమే, అందుకే ఏటవాలు ఇసుక, పక్కనే లోతు నీరు, రెండూ ఉన్న చోటే పడుకుంటుంది. పడవ దగ్గరికి రాగానే ముందు కాళ్ళతో ఒక్క తోపు తోసి జారిపోయింది. ఇసుక మీద పొట్ట గాడి, రెండు పక్కలా గోళ్ళ గుర్తులు మిగిలాయి. దిగి వేలు పెట్టి చూశాను, గాడి లోపలి ఇసుక పైదానికంటే వెచ్చగా ఉంది.

ఫిబ్రవరి 9, ఇసుక

ఇవాళంతా తిన్నెలే. ఒక మలుపులో నది మధ్య పెద్ద ఇసుక దిబ్బ, దాని మీద ఘరియళ్ళ గుంపు. నాకు పదకొండు లెక్కకొచ్చాయి, దీదీకి పన్నెండు, కక్కా తమ్ముడి కొడుక్కి పధ్నాలుగు. గార్డ్ బైనాక్యులర్స్ అడిగి తీసుకుని చాలాసేపు చూసి పదమూడు అన్నాడు, అందరికీ మధ్యలో ఉండేలా. పావుగంట వాదన. రెండు తోకలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, అవి రెండు జంతువులా, ఒకదాని తోకా మట్టి గడ్డా అన్నది తేలదు. చివరికి నిలిచింది పన్నెండే, ఎందుకంటే ఇద్దరు విడివిడిగా చూసి ఒప్పుకున్న మూతులు పన్నెండు. తోకలు లెక్కలోకి రావు. పేపర్లో ఏటా వచ్చే "చంబల్‌లో ఘరియళ్ళు రెండు వేలు దాటాయి" అనే వార్త వెనక ఇలాంటి పావుగంటలు ఎన్ని ఉంటాయో. ఆ అంకె కనీసం అన్ని ఉన్నాయి అని చెప్పేది, మొత్తం ఇంతే అని కాదు. మునిగి ఉన్నవి ఎవరికీ కనిపించవు కదా.

గుంపు మధ్యలో మగది. అది తల తిప్పినప్పుడు గానీ దాని సైజు నాకు అర్థం కాలేదు, మా పడవ కంటే కొంచెమే పొట్టి. మూతి చివర బోర్లించిన ముంతలా నల్లటి కండ, దాని కిందే ముక్కు రంధ్రాలు. అది నీళ్ళలోకి జారాక కాసేపటికి పడవ అడుగు నుంచి టప్పున ఒక మోత. మళ్ళీ ఒకటి. ఇంజన్ ఏమన్నా తగిలిందా అని నేను వంగి చూస్తుంటే దీదీ నవ్వింది, మగ ఘరియల్ నీటి లోపల చేసే చప్పుడు అది, జతకట్టే రోజుల్లో ఇలా పిలుస్తుంది, బెదిరిస్తుంది కూడా. చెక్కకి పాదం ఆనించి ఉంచితే చెవి కంటే ముందు కాలికి తెలుస్తోంది.

ఇలాంటి తిన్నెలు ఒకప్పుడు మలుపుకి ఒకటి ఉండేవంటాడు కక్కా. ఇప్పుడు రెండు రకాలుగా పోతున్నాయి. ఒకటి ట్రాక్టర్లు. రెండోది నీళ్ళు తగ్గడం, ఇది చూడగానే తట్టని సంగతి. పైన గాంధీసాగర్, రాణా ప్రతాప్ సాగర్, జవహర్ సాగర్, ఆ తర్వాత కోటా బరాజ్. కోటా నుంచి కాలవలకి పోగా మిగిలిందీ, మధ్యలో కలిసే ఉపనదులు తెచ్చిందీ ఇక్కడి నది. మార్చి నెలాఖర్లో ఆడ ఘరియళ్ళు ఎత్తైన ఇసుకలో గొయ్యి తీసి ముప్పై నలభై గుడ్లు పెడతాయి, తొలకరికి ముందే జూన్ మొదట్లో పిల్లలు వస్తాయి. సరిగ్గా ఆ మధ్యనే నదిలో నీరు అడుగంటుతుంది. నడినీటిలో ఉన్న దిబ్బ ఒడ్డుకి అతుక్కుపోతుంది. అప్పుడు నక్క నడిచొస్తుంది, కుక్క నడిచొస్తుంది, పుచ్చకాయలు వేసుకునే రైతూ నడిచొస్తాడు. నీళ్ళు రెండడుగులు తగ్గితే గూడు పోయినట్టే.

మధ్యాహ్నం అలాంటి దిబ్బ మీదే అన్నాలు. దాని చివర ఒక కుటుంబం పాదులు తీస్తోంది, గోతికింత పేడ ఎరువు, రెండు గింజలు, చుట్టూ గాలికి అడ్డంగా ఎండు గడ్డి. వాళ్ళకి సెంటు భూమి లేదు. అభయారణ్యంలో సాగు చేయకూడదని తెలుసు, తెలిసే వేశారు. మాకు పచ్చి ముల్లంగి, ఉప్పు, పచ్చిమిరపకాయ పెట్టారు. వాళ్ళ ముల్లంగి తింటూనే కుడి పేజీలో "పుచ్చపాదులు, ఒక కుటుంబం" అని రాశాను. దీదీ నా మొహం చూసి "మేడమ్, మీరు పోలీసు కాదు" అంది.

ఫిబ్రవరి 10, మబ్బు

పొద్దున్నే మబ్బు. ఎండ లేకపోతే ఘరియల్ బయటికి రాదు, ఇలాంటి రోజు లెక్కేస్తే ఉన్నవాటిలో సగం కూడా దొరకవు, అందుకని పడవ కదలకూడదు. జీపులో బియ్యం, డీజిల్ తెచ్చుకుందామని బయల్దేరాం.

ఫోన్ మ్యాప్ చూపించిన రోడ్డు రెండు కిలోమీటర్లయ్యాక బీహడ్‌లోకి దిగిపోయింది. వాన కోసేసిన మట్టి లోయలవి, ఒక్కోటి రెండు మూడు తాటిచెట్ల లోతు. లోపలికి వెళ్ళాక ప్రతి మలుపూ ఒకేలా ఉంటుంది. ఒక చోట దారి సగంలో తెగిపోయి పక్కకి ఊడిపడి ఉంది, జీపు తిప్పుకునే చోటు కూడా లేదు. డ్రైవర్ అరమైలు వెనక గేర్‌లోనే వచ్చాడు, స్టీరింగ్ కంటే దేవుణ్ణే ఎక్కువ నమ్ముకుని. మేకలు కాచుకునే పిల్లాడొకడు గట్టు మీద నుంచి అంతా చూసి, చివరికి తాపీగా దిగొచ్చి అసలు దారి చూపించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఫోన్ ఇమ్మన్నాడు, మ్యాప్‌లో వాళ్ళ ఊరు లేదని చూసి మాకే తిరిగిచ్చేశాడు.

ఆ ఊళ్ళో ముందు మంచం వేశారు, తర్వాత బెల్లం, నీళ్ళు, ఆ తర్వాత ప్రశ్న: ఏ కులం? మనూళ్ళలో చుట్టూ తిప్పి అడిగేది ఇక్కడ సూటిగా అడుగుతారు. మగవాళ్ళు వసారాలో, నన్ను మాత్రం లోపలికి తీసుకెళ్ళారు. లోపల కొంగు తీసేసి ఆడవాళ్ళు మాట్లాడటం మొదలుపెట్టాక ఇక ఆగలేదు. పెద్దకోడలు నన్ను జిజ్జీ (అక్కా) అని పిలిచి నా మెట్టెలు, నల్లపూసలు పట్టుకు చూసింది. పొయ్యి మీద అరచేతి మందం రొట్టెలు, టిక్కర్లు అంటారు, కాలుతున్నాయి, వెల్లుల్లి ఎండుమిర్చి నూరిన పచ్చడి. గుంటూరు కారం అలవాటున్నదాన్ని, అయినా నీళ్ళు అడిగాను.

ఈ నది నీళ్ళు తాగుతారా అంటే అత్తగారు కథ చెప్పింది. రంతిదేవుడు చేసిన యజ్ఞాల్లో బలిచ్చిన పశువుల చర్మాల నుంచి కారిన నెత్తురే ఈ నదట, పైగా ద్రౌపది శాపం, ఈ నీళ్ళు తాగినవాడికి పగ చల్లారదట. నాకు మతి పోయింది. మనకి రంతిదేవుడంటే ఆకలితో ఉండి చేతిలోని చివరి నీళ్ళు కూడా అడిగినవాడికి పోసేసిన రాజు. అదే మనిషి పేరు మీద ఇక్కడ నీళ్ళకే భయపడ్డారు. ఆ శాపం పుణ్యమా అని ఈ ఒడ్డున గంగకి ఉన్నట్టు తీర్థాలు లేవు, మేళాలు తక్కువ. తర్వాత బందిపోట్ల భయం, ఫ్యాక్టరీ పెట్టేవాడు లేడు. నది తేటగా ఉండటానికి చట్టం ఒక్కటే కారణం కాదు. భయం పోయింది, 1983లో ఫూలన్‌దేవి లొంగిపోయింది ఈ పక్క భిండ్‌లోనే. రోడ్లొచ్చాయి, ట్రాక్టర్లొచ్చాయి. అత్తగారు మాత్రం ఇప్పటికీ బోరు నీళ్ళే తాగుతుంది.

ఫిబ్రవరి 12, ఉసైద్ ఘాట్

మధ్యలో ఒక రోజు ఎండే, తిన్నెలే, రాసుకోవడమే, చెప్పడానికేం లేదు. ఉసైద్ ఘాట్ దగ్గర ఇనప పీపాల మీద చెక్కలు పరిచిన వంతెన, వానాకాలానికి విప్పేస్తారు. అటు ఆగ్రా జిల్లా పినాహట్, ఇటు మొరేనా. పెళ్ళిళ్ళ రోజులు. మోటార్ సైకిల్ మీద ముగ్గురు, మధ్యవాడి ఒళ్ళో లడ్డూల బుట్ట, వెనకవాడి భుజాన తుపాకి. ఇక్కడ తుపాకి పెళ్ళి బట్టల్లో భాగం, ఎవరూ తల తిప్పి చూడరు, నేనొక్కదాన్నే చూశాను.

వంతెన దాటాక ఒక పడుచు ఘరియల్ ఒంటరిగా ఉంది. నా చేతిలో ఉన్న స్పాటింగ్ స్కోప్‌లో మూతి స్పష్టంగా కనిపించింది, మధ్యలో నీలం నైలాన్ వల ముక్క నాలుగైదు చుట్లు. నోరు రెండు వేళ్ళ సందు కంటే తెరుచుకోవడం లేదు. దవడ పక్క ఎముకలు లేచి ఉన్నాయి. ఈ మూతిలో నూరు దాకా పళ్ళు బయటికే ఉంటాయి, వల ఒకసారి తగులుకుంటే ఇక వదలదు, నీటి అడుగున చిక్కుకుంటే ఊపిరాడక చస్తుంది. గార్డ్ పై అధికారికి ఫోన్ చేశాడు, రెస్క్యూ టీమ్ రేపు వస్తుందన్నారు. మేం దగ్గరికి వెళ్ళే ప్రయత్నం చేస్తే లోతుకి పోయింది.

కక్కా ఆ పూట భోజనం చేయలేదు. రాత్రి నెగడు దగ్గర తనే కదిపాడు. వాళ్ళది మల్లాహ్ కులం, తాత ముత్తాతలది వల. అభయారణ్యం అన్నాక చేపలు పట్టడం ఆగిపోయింది. "మాకు బదులుగా ఏమిచ్చారు మాస్టర్నీజీ? చలికాలం నాలుగు రోజులు మీ పడవ." ఆ నీలం వల ఎవరిదో తనకి తెలుసని నాకనిపించింది, నేను అడగలేదు. ఘరియల్ మీద ఆయనకి కోపం లేదు. చేపలు తగ్గింది దానివల్ల కాదని గంటసేపు చెప్పాడు. నీళ్ళు లేని చోట చేప ఎలా ఉంటుంది, ఇద్దరం ఒకే పళ్ళెంలో తినేవాళ్ళం, పళ్ళెమే చిన్నదైపోయింది, అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికి కబురొచ్చింది, రెస్క్యూవాళ్ళు వచ్చి వెతికారు, దొరకలేదు.

ఫిబ్రవరి 14, అటేర్

ఒడ్డుకి కాస్త ఎడంగా భదౌరియా రాజుల కోట, చూడ్డానికి టైం ఇవ్వలేదు. గంగా డాల్ఫిన్ రెండుసార్లు లేచింది, రెండుసార్లూ నేను పుస్తకంలో తల పెట్టుకుని ఉన్నాను. స్కిమ్మర్ పక్షుల గుంపు కింది ముక్కుతో నీటి మీద గీత గీసుకుంటూ పోయింది, వాటి గూళ్ళూ ఈ తిన్నెల మీదే, అవీ నక్కల పాలే. భిండ్ నుంచి వచ్చిన మనిషి పేడాలు తెచ్చాడు, కిలో 400, మన పాలకోవా కంటే తీపి తక్కువ, నాకదే నచ్చింది.

ఫిబ్రవరి 16, భరేహ్

చంబల్ యమునలో కలిసే చోటు, ఇటావా జిల్లా. ఒడ్డున నిలబడితే రెండు నీళ్ళు కొంత దూరం పక్కపక్కనే నడుస్తాయి, ఇటు తేట, అటు నలుపు. యమున ఢిల్లీ, మథుర, ఆగ్రా అన్నీ దాటుకుని వస్తుంది, ఇక్కడ దానికి ప్రాణం పోసేది చంబలే.

2007 డిసెంబర్ నుంచి 2008 చలికాలం అంతా ఈ దిగువ చంబల్‌లోనే ఘరియళ్ళు చచ్చి తేలాయి. నూరుకి పైగా. ఎక్కువ భాగం పెరిగినవే. కోసి చూస్తే కిడ్నీలు పాడైపోయి ఒంట్లో యూరిక్ ఆమ్లం గడ్డకట్టి ఉంది, మనుషుల్లో గౌట్ అంటామే అది. విషమేదో యమున చేపల ద్వారా వచ్చి ఉంటుందన్నారు, అదేమిటో ఇదీ అని ఎవరూ రుజువు చేయలేకపోయారు. ఆ దెబ్బ తర్వాతే రేడియో ట్యాగులు పెట్టి ఇవి ఎంత దూరం తిరుగుతాయో చూడటం మొదలైంది. వందల కిలోమీటర్లు తిరుగుతాయని తేలింది. ఒక ఊరి దగ్గర నదిని కాపాడితే చాలదన్నమాట. కక్కా ఆ శవాల్ని లాగినవాళ్ళలో ఒకడు. ఒక్కొక్క దాన్ని ఒడ్డుకి చేర్చడానికి ఆరుగురు పట్టేవారని మాత్రం చెప్పి ఊరుకున్నాడు.

ఆఖరి మైళ్ళలో ఎడమ పేజీ దాదాపు ఖాళీ, కుడి పేజీకి చోటు చాలక అంచుల్లో రాశాను. అన్నీ పంపులే. గోధుమకి ఆఖరి తడులు పెట్టే రోజులు, ఒడ్డు పొడుగునా డీజిల్ ఇంజన్లు, నదిలోకి గొట్టాలు.

ఒక రైతు మా పడవని చెయ్యి ఊపి ఆపాడు. మేం ఇంజన్లు లెక్కేస్తున్నామని ఊళ్ళో తెలిసిపోయింది, కరెంటు మోటార్లు ఇవ్వడానికే అని ఎవరో పుట్టించారు. తనవి రెండు రాయాలన్నాడు. ఒడ్డున ఒకటే ఉంది. రెండోది పాకలో ఉంది, రిపేరు. దీదీ పాపం నెమ్మదిగా చెప్పింది, బాబాజీ, కరెంటుకి మాకూ ఏం సంబంధం లేదు, మేం కనిపించిందే రాస్తాం. ఆయన కాసేపు ఆలోచించి, ఇద్దరు కొడుకుల్నీ కేకేసి, పాకలోంచి ఆ పాడైన ఇంజన్‌ని ముగ్గురూ కలిసి ఈడ్చుకొచ్చి ఒడ్డున పెట్టి, చేతులు దులుపుకుని "ఇప్పుడు?" అన్నాడు.

నియమం ప్రకారం రెండు రాశాను. రెండోదాని పక్కన "పనిచేయట్లేదు" అని రాస్తుంటే పైనుంచి తొంగి చూసి అదేమిటని అడిగాడు. తెలుగు అన్నాను.